గుండ్రాంపల్లి, బైరాన్‌పల్లి: చూసే చోటు, చెప్పే మనిషి

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఎన్నో బస్సులు గుండ్రాంపల్లిని దాటిపోతాయి, ఆగేవి తక్కువ. చౌటుప్పల్‌లోనో చిట్యాలలోనో దిగి పల్లెవెలుగు బస్సో ఆటోనో చూసుకోవడం మేలు. నిజాం పాలన చివరి రోజుల్లో, ఆయన తరఫున ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊరివాళ్లను చంపి బావిలో పడేసిన ఊరిది. అమరుల స్తూపం ఉంది. దాని ముందు నిలబడితే ఏం జరిగిందో మాత్రం తెలియదు, చెప్పే మనిషి కావాలి. టీ కొట్టు దగ్గర అడిగితే ఒకాయన "మా తాత ఉంటే చెప్పేవాడు" అన్నాడు. ఆ రోజుల్లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు తొంభైకి దగ్గర పడుతుంది మరి.

రాత్రికి నల్లగొండ చేరాను. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది శుభ్రమే, వేడినీళ్లు మాత్రం పొద్దున కాసేపే. ఆ ధరకు గొణగనక్కర్లేదు. ఊళ్లో పూట మిగిలితే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడండి.

మర్నాడు జనగామ మీదుగా బైరాన్‌పల్లి. ఇప్పుడది సిద్దిపేట జిల్లా, అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఈ రెండింట్లో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను. కారణం బురుజు. ఊరివాళ్లు దాని మీద కాపలా కాసి, శత్రువు కనబడితే నగారా మోగించి, వడిసెలలతో, నాటు తుపాకులతో రజాకార్లను అంతకుముందు తరిమికొట్టారు. పగ పెంచుకుని వాళ్లు 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం బలగాలను వెంటబెట్టుకొచ్చారు. ఆ ఒక్క ఊళ్లో చనిపోయినవారు 96 మంది అంటారు, లెక్కలు చెప్పేవారిని బట్టి మారతాయి. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. ఆ మూడు వారాలు తలచుకుంటే కడుపు మండుతుంది.

కాపలావాళ్లు ఎక్కడ నిలబడ్డారో, ఏ వైపు చూశారో బురుజు చూస్తేనే అర్థమవుతుంది. గుండ్రాంపల్లికి ఆ వసతి లేదు. అక్కడ కనీసం చనిపోయినవారి పేర్లతో, జరిగింది నాలుగు వాక్యాల్లో చెప్పే పెద్ద బోర్డు ఒకటి, రహదారి మీది బస్సులోంచి కనబడేలా, పెట్టాలి. ఖర్చు పెద్దదేం కాదు.

బైరాన్‌పల్లిలో బస లేదు, తిండికి చేర్యాలో జనగామో వెళ్లాలి. ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి. సెప్టెంబరు 17న జెండాలు, మైకులు, ఉపన్యాసాలు ఉంటాయి కనుక మామూలు రోజు వెళ్లడమే మంచిది. ఊరి పెద్దలు తీరిగ్గా దొరికేది అప్పుడే.