ప్రిన్సెప్ బొమ్మ పట్టుకుని కాశీ ఘట్టాల మీద

ఆంగ్లేయ అధికారి జేమ్స్ ప్రిన్సెప్ 1820 నుంచి 1830 దాకా కాశీ టంకశాలలో పనిచేశాడు. అప్పుడు గీసిన ఘట్టాల బొమ్మలు తర్వాత లిథోగ్రాఫులుగా అచ్చయ్యాయి. రాతి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి తీసే అచ్చు కాబట్టి పెన్సిల్ గీతలోని నూగు అందులోనూ ఉంటుంది. ఫోన్ తెర మీద అది తెలియదు. ఏ4 ప్రింటు తీసుకెళ్లండి.

ఆ పాత బొమ్మను ఇప్పటి ఒడ్డుతో పోల్చి చూడ్డానికి పడవే సరి. మెట్ల మీద నడిస్తే పక్క గోడ తప్ప ఏమీ కనబడదు. గంగ ఇక్కడ ఉత్తరానికి పారుతుంది, ఘట్టాలన్నీ తూర్పు ముఖం. పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు మెట్ల అంచులు విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటితే ఎండ మేడల వెనక్కి పోయి ఒడ్డంతా నల్లటి గోడే. అస్సీ ఘట్టంలో ఎక్కి పంచగంగ ఘట్టంలో దిగేలా బేరం ఆడండి. పోయేది ప్రవాహం వాలుకే. వచ్చేటప్పుడు ఎదురీత, తెడ్లవాడికి చాకిరీ, మీకు ఖర్చు. మోటారు పడవ అదురుతుంది, ఆగమన్నచోట ఆగదు.

పోలికకు దశాశ్వమేధం దండగ; హారతి వేదికలు, గొడుగులు మెట్లను మింగేశాయి. అసలు రుచి మణికర్ణిక దాటాకే. రత్నేశ్వర ఆలయం 1860ల ఫొటోల్లో నిటారుగా ఉంది, ఇప్పుడు సుమారు 9 డిగ్రీలు ఒరిగింది. పంచగంగ దగ్గర మసీదు మినార్లు బొమ్మలో ఆకాశాన్ని ఏలుతున్నాయి, ఒడ్డున మాత్రం లేవు: 1948లో ఒకటి కూలింది, రెండోదాన్ని తర్వాత దింపేశారు. మన విజయనగరం వైపు నుంచి వెళ్లిన త్రైలింగస్వామి మఠం ఆ మెట్ల పైనే.

బసకు పాండే హవేలీలోని ఆంధ్రాశ్రమం తెలుగువాళ్లకు సుఖం: మన భాష, మన భోజనం. కానీ తొమ్మిది రాత్రుల నిద్రకు వచ్చినవాళ్ల గదులు తొందరగా ఖాళీ కావు, ముందే అడగాలి. పంచగంగ పక్కనే దిగితే తెల్లవారుజాము వెలుగు దక్కుతుంది, కాకపోతే సందుల్లోకి ఆటో రాదు, పెట్టె మోసుకోవాల్సిందే.

వానాకాలం వద్దు. వరదకు కింది మెట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. నీరు తీశాక కూడా బురదను పంపులతో కడిగేదాకా కాలు జారుతుంది. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు. ఫిబ్రవరి, మార్చి మేలు. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, పడవా గదీ రెండూ అందని ధరలే.

మణికర్ణిక దగ్గర ప్రింటు తీసి చూసుకోవచ్చు, శవదహనాలు జరిగే చోటు కాబట్టి కెమెరా మాత్రం సంచిలోనే ఉంచండి.