మే నెల ఎండల్లో 240 ఎంఎం లిక్విడ్ కూలర్: నాలుగు వేసవుల వాడకం

సికింద్రాబాద్ సీటీసీలో, అంటే కంప్యూటర్ షాపుల సముదాయంలో, కొన్న చవక రకం 240 ఎంఎం ఏఐఓ ఇది. కంప్యూటర్ ప్రాసెసర్‌ని చల్లబరిచే రెడీమేడ్ లిక్విడ్ కూలర్ అన్నమాట, 240 దాని రేడియేటర్ సైజు. కంపెనీ పేరు చెప్పినా పెద్దగా ఉపయోగం లేదు. ఆ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకటే: ద్రవం తిరిగే సీలు వేసిన లూప్, రాగి ప్లేటు మీద కూర్చున్న పంపు, అల్యూమినియం రేడియేటర్, రెండు ఫ్యాన్లు. దాని కింద ఉన్న ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్. టీడీపీ (కంపెనీ చెప్పే వేడి లెక్క) 105 వాట్లని రాస్తారు గానీ, సెట్టింగులు ముట్టుకోకపోతే 142 వాట్ల దాకా కరెంటు లాగుతుంది. బాక్సులో కూలర్ కూడా రాదు.

డిసెంబర్లో దీనికి వంక పెట్టలేం. వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) పెట్టినా ఫ్యాన్ల చప్పుడు పక్కగదికి వినపడదు. అసలు పరీక్ష మే నెలలోనే. ఉప్పల్లో మాది పై అంతస్తు, సిస్టమ్ ఉన్న గదిలో ఏసీ లేదు. మధ్యాహ్నం స్లాబు కాగిపోయాక రెండర్ మొదలుపెడితే కాసేపటికే 90 డిగ్రీలు తాకి ప్రాసెసర్ వేగం (క్లాక్ స్పీడ్) దిగిపోయేది.

లిక్విడ్ అనగానే చాలామంది ఇంట్లో వాడే ఎయిర్ కూలర్లా ఊహించుకుంటారు. అందులో నీళ్లు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. ఇందులో ద్రవం వేడిని మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర దింపుతుంది, అంతే. గది 38 డిగ్రీలుంటే అంతకంటే కిందికి ఏ రేడియేటరూ దించలేదు. పైగా ఈ ప్రాసెసర్లో ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిప్లెట్ (చిన్న చిప్పు ముక్క)లో ఇరుక్కుని ఉంటాయి. అంత చిన్న జాగా నుంచి వేడి బయటికి రావడమే కష్టం. కాబట్టి ఇంకాస్త డబ్బు పోసి 360 ఎంఎం రేడియేటర్ ఉన్నది కొన్నా పెద్ద తేడా రాదు. నాకు పనికొచ్చింది బయోస్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ)లోని ఎకో మోడ్, అంటే ప్రాసెసర్ లాగే కరెంటుకి పరిమితి పెట్టేది. 65 వాట్ల సెట్టింగ్ పెడితే గరిష్ఠంగా 88 వాట్ల దగ్గర ఆగుతుంది. రెండర్ కొంచెం ఆలస్యం, టెన్షన్ మాత్రం లేదు. వేసవి మూడు నెలలూ అలాగే నడుపుతున్నా.

బిగించేటప్పుడు లూప్ మొత్తంలో పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు, గాలి బుడగలు అక్కడే చేరతాయి. రేడియేటర్‌ని క్యాబినెట్ పైభాగంలో పెడితే ఆ గొడవే లేదు. దుమ్ము సంగతి వేరే చెప్పాలా, మెయిన్ రోడ్డు పక్క ఇల్లు! రేడియేటర్ రెక్కల మధ్య అది గడ్డకడితే ఫ్యాన్లు ఊరికే అరుస్తాయి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి.

ఈ మధ్య ఆన్ చేయగానే పంపు దగ్గర చిన్న గరగర. గొట్టాల గుండా ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది, ఇలాంటి చవక కిట్లలో మళ్లీ నింపే వీలుండదు. వారంటీ అయిపోయింది. పంపు ఆగితే ఈసారి ద్రవం లేకుండా ఫ్యాన్ గాలితోనే ప్రాసెసర్‌ని చల్లబరిచే రెండు టవర్ల ఎయిర్ కూలరే తీసుకుంటా. అందులో పాడైతే పాడయ్యేది ఫ్యానే, దాన్ని సీటీసీలో ఏ షాపులోనైనా మార్చుకోవచ్చు. మదర్‌బోర్డు వీఆర్‌ఎంకీ (ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం) కాస్త గాలి తగులుతుంది. ఐ5-12400 లాంటి 65 వాట్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లయితే అసలు లిక్విడ్ కూలర్ల వైపు చూడనక్కర్లేదు.