కారుకు సొట్ట పడిందా? ఖాళీ క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టకండి

మొన్న కారు ఇన్సూరెన్స్ రెన్యూవల్ నోటీసు వచ్చింది. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆ గడిలో సున్నా ఉంది. నిరుడు అక్కడ 45 శాతం ఉండేది, ఈసారి 50 కావలసింది. ఆ సున్నా ఎలా వచ్చిందో రాస్తున్నాను. విశాఖలో బజారు వీధుల పక్కన కారు ఆపి వెళ్లేవాళ్లు తప్పకుండా చదవండి.

గత వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గర కారు ఆపి కూరగాయలకు వెళ్లాను. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చేసరికి వెనక బంపరు ఎడమ మూల చీలి వేలాడుతోంది. వెనక తలుపు మీద జానెడు సొట్ట, దాని పొడవునా పసుపు రంగు చార. పక్కనే కొబ్బరి బోండాలు కొడుతున్న ఆవిడ కత్తి ఆపకుండానే చెప్పింది: "సామాను ఆటో బాబూ, వెనక్కి తీస్తూ కొట్టాడు. దిగి చూశాడు, ఎక్కి వెళ్లిపోయాడు." నంబరు ఎవరూ చూడలేదు.

అలాగే వదిలేద్దామంటే, రంగు లేచిన రేకు మన ఊరి ఉప్పుగాలికి నెల తిరగకుండానే తుప్పు పడుతుంది. మర్నాడు గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడి సర్వీసు అడ్వైజర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "క్యాష్‌లెస్ ఉంది కదా సార్, మీ చేతి నుంచి పెద్దగా ఏమీ పడదు" అన్నాడు. ముందు బంపరు మీద ఎప్పటిదో పాత గీత ఉంది. "ఇదీ ఇందులోనే కలిపేద్దాం" అని ఖాళీ క్లెయిమ్ ఫారం ముందు పెట్టాడు. కింద మూడు చోట్ల టిక్కులు కొట్టి, అక్కడ సంతకాలు చేయమన్నాడు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని చేసేశాను. ఇరవై ఏళ్లుగా కాగితాల మధ్య ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఇంకొకరెవరైనా ఇలా చేశారంటే నేనే తిట్టేవాణ్ణి.

రెండు రోజుల తరువాత ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ ఫోనులో వీడియో కాల్ చేశాడు. ఫారంలో "ఇంటి దగ్గర రివర్స్ తీస్తుండగా గేటు స్తంభానికి తగిలింది" అని రాసి ఉందట. తలుపు మీది చారను దగ్గరగా చూపించమని అడిగి, "మీ గేటు స్తంభానికి పసుపు రంగు వేయించారా సార్?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. జరిగింది జరిగినట్లు చెప్పాను. మంచివాడు, కారణం సరిచేసి రాసుకున్నాడు. ముందు బంపరు గీత మాత్రం వేరే ప్రమాదం కాబట్టి ఈ క్లెయిమ్‌లోకి రాదని కొట్టేశాడు. అందులో తప్పు లేదు, ఒక్కో ప్రమాదానికి ఒక్కో క్లెయిమ్. కానీ నన్ను అడగకుండానే గ్యారేజీవాళ్లు అప్పటికే ఆ బంపరుకు రంగు వేసేశారు. 3,200 రూపాయలు నా జేబులోంచి పోయాయి.

అసలు బిల్లు 13,300. కొత్త బంపరు 5,600. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల (వాడకంతో తగ్గే విలువ) కింద 50 శాతం కోస్తారు, అక్కడ 2,800 పోయింది. రంగుల పని 6,000. అందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి, దానిలో సగం కోస్తారు, అది 750. క్లిప్పులు, నట్లు లాంటివి 300 ఇవ్వలేదు. పైన ప్రతి క్లెయిమ్‌కూ మనం భరించవలసిన తప్పనిసరి మొత్తం, 1500 సీసీ దాకా ఉన్న కార్లకు 1,000. నా చేతి నుంచి 4,850 పడింది, కంపెనీ ఇచ్చింది 8,450.

నాకు బంపర్ టు బంపర్, అంటే తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవరు (యాడ్-ఆన్), ఉందనే ధీమాలో ఉన్నాను. నిరుడు రెన్యూవల్‌లో ప్రీమియం తగ్గించి చూపించడానికి ఏజెంటు దాన్ని తీసేశాడు. పాలసీ కాగితం తెరిచి చూడకపోవడం నా తప్పు. అయినా అది ఉన్నా ఆదా అయ్యేది తరుగుదల కోతే. నో క్లెయిమ్ బోనస్‌ను అది కాపాడదు, దానికి వేరే యాడ్-ఆన్ తీసుకోవాలి.

అసలు దెబ్బ అక్కడే పడింది. బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం) మీద ఏటా వరుసగా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చెల్లించారంటే మళ్లీ సున్నా. నా ప్రీమియంలో ఆ భాగం 9,200. ఇక మీదట ఏటా సగమే కట్టవలసినవాణ్ణి, మళ్లీ 50కి చేరేలోపు ఐదేళ్లలో 11,500 అదనంగా కడతాను. కారు విలువ తగ్గేకొద్దీ అది కొంత తగ్గుతుంది, 18 శాతం జీఎస్టీతో కొంత పెరుగుతుంది. 8,450 తీసుకుని 11,500 వదులుకున్నాను. ఆటోనగర్‌లో మా పాత మేస్త్రీకి తరువాత ఫొటోలు చూపిస్తే, బంపరు అతికించి తలుపుకు రంగు వేయడానికి ఏడు వేలు చాలన్నాడు. నేను గ్యారేజీలో కట్టింది అన్నీ కలిపి 8,050!

డబ్బు చెల్లించకముందే క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చి ఉంటే బోనస్ నిలిచేది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. "వేరే కంపెనీకి మారండి, క్లెయిమ్ లేదని రాద్దాం" అని ఏజెంటు సలహా ఇచ్చాడు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది. అబద్ధమని తేలితే రేపు నిజంగా పెద్ద నష్టం జరిగినప్పుడు పైసా రాదు. ఆ పని మాత్రం చేయకండి.

గ్యారేజీ తీరు మీద ఇన్సూరెన్స్ కంపెనీకి ఫిర్యాదు రాశాను. "ఫారం మీద సంతకం మీదే" అని జవాబు వచ్చింది. ఆపైన ఫిర్యాదుకు బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది, బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ మన రాష్ట్రానికి హైదరాబాద్‌లో ఉన్నారు. వెళ్లి ఖాళీ కాగితం మీద సంతకం చేశానని చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

ఇన్సూరెన్సే దండగ అనడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సీతమ్మధారలో మా పాత కారు మీద చెట్టు పడింది. ఆ రోజు పాలసీ లేకపోతే కారు ఇనుప సామానుకు వెళ్లేది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్లకు ఏమీ రాలేదు.

పోయిన వారం మా కింది ఫ్లాటు ఆయన కారు మీద ఈదురుగాలికి పక్క మేడ రేకు ఎగిరిపడింది. అద్దం, బానెట్ పోయాయి, అంచనా 41,000. బంపర్ టు బంపర్ ఉంది, బోనస్ ఇంకా 20 శాతమే. కాగితం మీద లెక్క వేస్తే బోనస్ వల్ల పోయేది పదివేల లోపే. క్లెయిమ్ చేయమనే చెప్పాను. ఫారం మాత్రం ఇంటికి తెప్పించి, ప్రతి గడీ ఆయన చేతే నింపించి, ఫొటో తీయించాకే గ్యారేజీకి పంపాను.