కోరింగ వెళ్ళేముందు క్యాలెండర్‌లో తిథి చూసుకోండి

కాకినాడ నుంచి కోరింగ ఎంత, గట్టిగా 20 కిలోమీటర్లు, యానాం రోడ్డులోనే. పౌర్ణమి మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకల్లా మడ అడవిలో చెక్క వంతెన మీద ఉన్నాం. నిండా పోటు, అంటే సముద్రం నీళ్ళు పైకి ఎక్కేసి ఉన్నాయి. చెట్ల మొదళ్ళు మునిగిపోయి, టీ రంగు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. అరగంటలో చివరిదాకా వెళ్ళొచ్చేశాం. "ఇంతేనా?" అంది మా ఆవిడ. నాకూ అలాగే అనిపించింది గానీ పైకి అనలేదు, ప్లాన్ నాదే కదా.

బోటు షికారుకి మాత్రం ఆ టైమే బాగుంది, నీళ్ళు నిండుగా ఉంటే కాలువల్లో లోపలిదాకా పోవచ్చు. బోటు నడిపినతనే చెప్పాడు, "పాటు తీశాక రండి సార్, అడవి అప్పుడు చూడాలి" అని. పాటంటే ఆ నీళ్ళు వెనక్కి దిగిపోవడం. ఎప్పుడు తీస్తుందంటే వాచీ చూడకుండానే మూడు దాటాక అన్నాడు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతిరోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. వలేసేవాళ్ళకి ఇవన్నీ నోటి లెక్కలు.

యానాంలో మండపీతల పులుసుతో భోంచేసి (కారం దంచేశారు, అయినా ఒక్క ముక్క మిగల్చలేదు) మూడున్నరకి మళ్ళీ టికెట్ కొన్నాం. పొద్దున నడిచిన వంతెన ఇదేనా అనిపించింది. నీళ్ళు పోయి ఎటు చూసినా బురద, అందులో పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల కొద్దీ వేళ్ళు నిక్కబొడుచుకుని ఉన్నాయి. బురదలో గాలాడదు కాబట్టి మడచెట్లు వేళ్ళు పైకి పెట్టి ఊపిరి పీల్చుకుంటాయి. వాటి మధ్య ఒక డెక్క మాత్రం ఒంటికి మించి ఉన్న చిన్న పీతలు, నెత్తిన కళ్ళతో బురద మీద గెంతే చేపలు. నల్లమడ ఆకు మీద వేలు రాసి నాలుక్కి తగిలించాను, ఉప్పే! ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుందట. పిల్లలతో ఈ పని చేయించకండి, పక్కనే తిల్ల చెట్లుంటాయి, వాటి పాలు కళ్ళలో పడితే ప్రమాదం.

బస సంగతికొస్తే, మొదటి రాత్రి ఏటిగట్టు దగ్గర ఓ లాడ్జిలో దిగాం. రివర్ వ్యూ అన్నారు, కిటికీ తీస్తే పక్కింటి గోడ. రెండో రాత్రి కాకినాడకి మారిపోయాం, మీరు నేరుగా అక్కడే దిగండి. నీళ్ళ సీసాలు, దోమల క్రీము తప్పనిసరి, నాలుగున్నర దాటితే దోమలు నిలవనివ్వవు.

కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఈసారి కుదరలేదు. చీరమేను (గోదావరిలో దొరికే బుల్లి చేపలు) దొరికే రోజుల్లో మళ్ళీ వెళ్ళాలి, మా ఆవిడ అప్పుడే శేరు ఎంతో కనుక్కుంటోంది.