వెనిస్‌లో ఎక్కడ ఉండాలి, ఎలా తిరగాలి

మనవాళ్లు చాలామంది ఫ్లోరెన్స్ నుంచో మిలాన్ నుంచో పొద్దున్నే రైలెక్కి వెనిస్ వచ్చి, సాయంత్రానికల్లా వెళ్లిపోతారు. అలా వస్తే శాన్ మార్కో చౌకు, రియాల్తో వంతెన, ఆ రెండింటి మధ్య సందుల్లో తోపులాట, అంతే మిగులుతుంది. ఒక్క రాత్రయినా దీవిలోనే ఉండమని గట్టిగా చెబుతాను. పగటి జనం వెళ్లిపోయాక ఊరు ఊరివాళ్లకి తిరిగొస్తుంది. చిన్న చిన్న చౌకుల్లో పిల్లలు బంతాట ఆడుకుంటుంటే పెద్దవాళ్లు బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు.

మేం అమ్మానాన్నలతో వెళ్లాం. మొదట మెస్త్రేలో దిగాం. అది దీవిలో కాదు, ఇవతలి ఒడ్డున నేల మీద ఉండే మామూలు ఊరు. గదులు పెద్దవి, లిఫ్ట్ ఉంటుంది, అద్దె బాగా తక్కువ. రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో దీవిలోని శాంతా లూచియా స్టేషన్‌లో దిగుతాం. మెస్త్రే స్టేషన్ చుట్టుపక్కల బంగ్లాదేశీ దుకాణాల్లో బియ్యం, పప్పు, పచ్చిమిర్చి దొరికాయి కాబట్టి అమ్మకి తిండి టెన్షన్ తప్పింది.

తర్వాత దీవిలో, కన్నారెజో అనే పేటలో గది తీసుకున్నాం. పేట బాగుంది, శాన్ మార్కో కంటే నెమ్మది, ధరలూ అందుబాటులో ఉన్నాయి. అయితే ఆ గదివాళ్లు ‘స్టేషన్‌కి దగ్గర’ అని రాశారు కానీ, దారిలో రెండు మెట్ల వంతెనలు ఉన్నాయనీ, గది మూడో అంతస్తులో ఉందనీ, లిఫ్ట్ లేదనీ ఎక్కడా రాయలేదు. మోకాళ్ల నొప్పులున్న నాన్నకి అది నరకమే అయింది. ఈ ఊళ్లో వంతెనలు 400 పైనే. చక్రాల సూట్‌కేసు ఉన్నా ప్రతి వంతెన దగ్గరా చేత్తో ఎత్తుకోవాల్సిందే. అందుకే గది బుక్ చేసే ముందు ఒకటే అడగండి: దగ్గరి పడవ రేవు నుంచి మీ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు, ఎన్ని మెట్లు?

ఇక తిరగడం. కార్లు, బస్సులు పియాజ్జాలే రోమా దగ్గరే ఆగిపోతాయి. అక్కడినుంచి నడకైనా, వపొరెత్తో అనే నీటి బస్సయినా. ఊరి మధ్యలోని పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ తిరగేసిన ఎస్ ఆకారంలో మెలికలు తిరుగుతుంది. ఒకటో నంబరు పడవ ప్రతి రేవులో ఆగుతూ స్టేషన్ నుంచి శాన్ మార్కోకి ముప్పావు గంట దాకా తీసుకుంటుంది. సందుల్లో అడ్డంగా నడిస్తే అంతకంటే ముందే చేరతాం. ఫోన్ మ్యాప్ ఇరుకు సందుల్లో తికమక పడుతుంది. గోడల మీద ‘పెర్ రియాల్తో’, ‘పెర్ శాన్ మార్కో’ అని పసుపు బోర్డులు ఉంటాయి, వాటిని నమ్ముకోండి. ఇంటి నంబర్లు వీధిని బట్టి కాదు, పేటని బట్టి వేస్తారు. అందుకే అడ్రసు చూసి ఇల్లు పట్టడం ఊరివాళ్లకే కష్టం. దగ్గర్లో ఉన్న చర్చి పేరు అడిగి పెట్టుకోండి.

పడవ టికెట్ చౌక కాదు. మేం వెళ్లినప్పుడు 75 నిమిషాలకి 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25, 72 గంటలది 45. కాళ్లు బాగా ఆడేవాళ్లయితే దూరపు దీవులకి వెళ్లే రోజు మాత్రమే 24 గంటల పాస్ తీసుకుంటే చాలు. పెద్దవాళ్లు ఉంటే 72 గంటలది తీసుకోవాల్సిందే, ప్రతి యూరోకీ విలువ దక్కుతుంది. ఎక్కే ముందు ప్రతిసారీ టికెట్‌ని మెషీన్ మీద తాకించాలి, లేకపోతే జరిమానా. పెద్ద రేవుల్లో ఏ నంబరు ఎక్కడ ఆగుతుందో, ఎటు వెళ్తుందో చూసుకోండి.

పాస్ ఉంటే రాత్రి భోజనం అయ్యాక ఒకటో నంబరు ఎక్కి ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్లండి. రేవు రాగానే పడవ మనిషి తాడుని ఇనుప గూటానికి ఒక్క చుట్టు వేసి బిగిస్తాడు, తాడు కీచుమంటుంది, కటకటాల గేటు జరుగుతుంది, నలుగురు దిగుతారు, వెంటనే తాడు వదిలేస్తాడు. రేవు రేవుకీ ఇదే పని, ఒక్కసారి కూడా తడబడడు. రెండు వైపులా దీపాలు వెలిగిన పాత మేడలు. అమ్మకి యాత్ర మొత్తంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

తెడ్డుతో నడిపే సన్నటి పడవ గొండోలాకి అధికారిక రేటు పగలు అరగంటకి 90 యూరోలు. అది పడవ మొత్తానికి, మనిషికి కాదు. అయిదుగురు ఎక్కొచ్చు. అంత వద్దనుకుంటే శాంతా సోఫియా రేవు దగ్గర త్రగెత్తో ఉంది. గొండోలా లాంటి పడవే, రెండు యూరోలకి కాలువ దాటించి రియాల్తో చేపల బజారు దగ్గర దింపుతుంది.

శాన్ మార్కో గంట గోపురం క్యూలో నిలబడే బదులు రెండో నంబరు పడవలో ఎదురుగా ఉన్న శాన్ జార్జో మజ్జోరె దీవికి వెళ్లాం. అక్కడి గోపురానికీ లిఫ్ట్ ఉంది, జనం తక్కువ, పైగా శాన్ మార్కో ఒడ్డంతా కళ్లెదుటే కనిపిస్తుంది. దీవుల్లో మురానో గాజు కొలిమి చూడొచ్చు కానీ ఉచితంగా బోటులో తీసుకెళ్తామంటే వద్దనండి, షోరూంలో కొనమని పట్టుకుంటారు. బురానో రంగుల ఇళ్లు బాగుంటాయి. అక్కడిదాకా వెళ్లినవాళ్లు పక్కనే ఉన్న తోర్చెల్లో దీవి కూడా చూడండి, 639లో కట్టడం మొదలైన చర్చిలో మొజాయిక్‌లు అద్భుతం.

2024 నుంచి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. రాత్రి ఉండేవాళ్లకి మినహాయింపు ఉంది, మెస్త్రేలో ఉన్నా వర్తిస్తుంది. కాకపోతే ముందే ఆన్‌లైన్‌లో కోడ్ తీసుకోవాలి. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే చివరి రాత్రి మాత్రం మెస్త్రేకి మారిపోండి. స్టేషన్ ముందు నుంచే ఎయిర్‌పోర్ట్ బస్సు ఉంటుంది, చీకట్లో పెట్టెలు పట్టుకుని వంతెనలు ఎక్కే పని ఉండదు.