బుధవారం రాత్రి పదకొండు యాభై తొమ్మిది: స్వయం కోర్సులతో ఐదేళ్లు

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. బీకాం అయ్యాక పదహారేళ్లు పుస్తకం ముట్టింది లేదు. 2020 లాక్‌డౌన్‌లో పెద్దోడి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్ రాత్రిళ్లు ఖాళీగా ఉండేది. అట్లా మొదలైంది ఇది. ఇప్పటికి పదకొండు కోర్సుల్లో చేరి ఐదు పూర్తి చేశాను. మిగతా ఆరూ ఏమయ్యాయో కూడా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. స్వయం అంటే 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత కోర్సుల వేదిక. ఐఐటీల వాళ్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు అంతకు చాలా ముందు, 2003 నుంచే ఉన్నాయి. అవీ ఇప్పుడు ఇందులోనే దొరుకుతాయి. ఐఐటీ అనగానే ఇంజినీరింగే అనుకునేదాన్ని. అక్కడ చరిత్ర, తత్వశాస్త్రం, ఎకనామిక్స్, సాహిత్యం చెప్పేవాళ్లు కూడా ఉంటారని నాకు తెలిసిందే ఇక్కడ. చేరడానికి, వీడియోలు చూడడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం సెంటర్‌కు పోయి పరీక్ష రాయాలి. నేను రాసిన ప్రతిసారీ ఫీజు వెయ్యి రూపాయలు.

ఆ వెయ్యి రూపాయల గురించే నేను ఎక్కువ చెప్పాలి. పూర్తి చేసిన ఐదు కోర్సులకూ ఫీజు కట్టాను. వదిలేసిన ఆరింటికీ కట్టలేదు. "ముందు చూద్దాం, బాగుంటే కడదాం" అనుకున్న ప్రతిదీ మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఆగిపోయింది. అవేమీ చెడ్డ కోర్సులు కావు. భారతీయ తత్వశాస్త్రం మొదటి నాలుగు క్లాసులు వింటూ అన్నం పొయ్యి మీద మరిచిపోయాను, అంత బాగున్నాయి. అయినా ఇవాళ అందులో ఒక్క ముక్క అడిగితే చెప్పలేను.

నేను చేసినవాటిలో వారానికో అసైన్‌మెంట్, ప్రతి బుధవారం రాత్రి 11:59కి గడువు. పన్నెండు వారాల కోర్సయితే బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. వాటికి 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. ఆ ఎనిమిది లెక్క నాలాంటి వాళ్ల ప్రాణం నిలబెట్టింది. వడ్లు దిగే రోజుల్లో లారీలు వరసకట్టి, తేమ చూసి, తూకం వేసి, ఎంట్రీలు కొట్టేసరికి రాత్రి పది. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. ఒకసారి 11:50కి కూర్చుని పది ప్రశ్నల్లో ఏడింటికి జవాబులు పెట్టాక కరెంటు పోయింది. సబ్మిట్ నొక్కలేదు. ఆ రాత్రి ఎవర్ని తిట్టుకోవాలో తెలియక నన్నే తిట్టుకున్నాను, సాయంత్రమే చేసుండొచ్చుగా అని.

ఇంకో తమాషా. జులై సెషన్ పరీక్షలు వానాకాలం వడ్లొచ్చే వేళకు, జనవరి సెషన్ పరీక్షలు యాసంగి వడ్లొచ్చే వేళకు పడతాయి. మిల్లులో పనిచేసేవాళ్లు చదువుకుంటారని ఎవరూ అనుకోలేదు మరి.

ఇక చదువు సంగతి. మైక్రో ఎకనామిక్స్ నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. ఖర్చుల లెక్కలు నాకు రోజూ ఉండేవే. ప్రభుత్వం ఇచ్చే వడ్లు క్వింటాల్ ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలు తిరిగి ప్రభుత్వానికి ఇవ్వాలి, ఆ లెక్క నిద్రలో అడిగినా చెప్తాను. కానీ పోయిన ఖర్చునూ ముందు పెట్టబోయే ఖర్చునూ వేరు చేసి చూడడం మాత్రం కోర్సులోనే నేర్చుకున్నాను. మా మిల్లులో ఒక పాత డ్రయర్ ఉండేది. సీజన్‌కు రెండుసార్లు మొరాయించేది. మా ఓనర్ ప్రతిసారీ ఒకటే మాట, "నాలుగు లక్షలు పోసినమమ్మా దీని మీద, ఇప్పుడెట్ల వదిలేస్తం?"

ఆ వారం పాఠం అదే. ధైర్యం చేసి, "ఆ నాలుగు లక్షలు నడిపినా రావు, ఆపినా రావు సార్. ఇక ముందు పెట్టబోయేదే చూసుకోవాలి," అన్నాను. ఆయన నా వైపు చూసి ఏమీ అనలేదు. తర్వాతి నెల మళ్లీ రిపేరే చేయించాడు. ఆ పై సీజన్‌లో పాత ఇనుముకు అమ్మేశాడు. నా వల్లేనని చెప్పుకోను గానీ, ఆ రోజు ఇంటికెళ్తుంటే కొంచెం గర్వంగానే ఉంది.

కళా చరిత్ర కోర్సు సరదాకి తీసుకున్నాను. మాకు నాగార్జునసాగర్ దగ్గరే. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు మూడుసార్లు పోయాను, మూడుసార్లూ నాకు గుర్తున్నది ఫొటోలూ చేపల వేపుడే. బౌద్ధ శిల్పంలో తొలిరోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదని, ఖాళీ సింహాసనమో, పాదాల గుర్తులో, చెట్టో పెట్టి ఆయన అక్కడున్నట్టు చూపేవారని ఆ కోర్సులో విన్నాను. నాలుగోసారి పోయినప్పుడు మ్యూజియంలో పలనాటి సున్నపురాతి పలకల ముందు నిలబడి పాదాల గుర్తుల కోసం వెతుకుతుంటే, మా ఆయన లాంచీ టైమవుతోందని రెండుసార్లు పిలిచాడు. డ్యామ్ నీళ్లలో ఒక లోయ మొత్తం మునుగుతుందని తెలిసి, అంతకుముందే తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదా, ఒడ్డున అనుపు అనే చోటా మళ్లీ కట్టారన్న సంగతీ అప్పుడే తలకెక్కింది. ఇన్నేళ్లూ ఆ నీళ్లను నీళ్లుగానే చూశాను.

ప్రొఫెషనల్ స్కిల్స్ దగ్గర నాకు చేయి కాలింది. స్వయంలో కాదు, బయట. పేరెందుకు గానీ, ఒక ప్రైవేట్ యాప్ వాళ్లు రోజూ ఫోన్ చేసి చేసి, మేడం మేడం అంటూ పద్నాలుగు వేలు కట్టించుకున్నారు. ఇచ్చింది అరగంట వీడియోలు పది, చివర్లో నా పేరు తప్పు రాసిన సర్టిఫికెట్. డబ్బు తిరిగి అడిగితే, అంతకుముందు రోజూ మోగిన ఫోను మోగడమే మానేసింది. తర్వాత స్వయంలో ఇంగ్లీష్ ఉత్తరాలు, మెయిళ్ల మీద చిన్న కోర్సు చేశాను. అందులో పనికొచ్చింది ఒక్కటే: నీకేం కావాలో మొదటి లైన్లోనే చెప్పు. మా మెయిళ్లన్నీ "విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్" అని మొదలై నాలుగో పేరాలో గానీ విషయానికి వచ్చేవి కావు. ఇప్పుడు "ఈ మూడు బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయి, ఫలానా తేదీలోగా క్లియర్ చేయగలరు" అని మొదలుపెడుతున్నాను. జవాబులు తొందరగా వస్తున్నాయి. మిగతా కోర్సంతా, కాన్ఫిడెన్స్, బాడీ లాంగ్వేజ్ లాంటివి, నాకు ఎక్కలేదు. మనిషి ముందు నిలబడి మాట్లాడితే తప్ప వచ్చేవి కావవి.

భాష సంగతి చెప్పాలి. పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషే. కొన్ని కోర్సులకు పాఠాలు తెలుగులో రాసిపెట్టి ఉన్నాయి, చేరే ముందు చూసుకోండి. నేను మొదటి నెల వీడియో వేగం తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని, అర్థం కానిచోట ఆపి ఆపి విన్నాను. రెండో కోర్సుకొచ్చేసరికి మామూలు వేగంలోనే అందుకున్నాను.

మొదటి పరీక్ష హైదరాబాద్‌లో, ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేరెంట్స్ బయటే ఉండాలన్నాడు. హాల్‌టికెట్ చూపించాను. లోపలంతా మా పెద్దోడికన్నా కొంచెం పెద్ద పిల్లలు, క్రెడిట్ల కోసం, అంటే తమ కాలేజీ డిగ్రీలో ఈ కోర్సును లెక్కలోకి తీసుకుంటారని వచ్చినవాళ్లు. పక్క సీట్లో అమ్మాయి, "ఆంటీ, మీకు క్రెడిట్లు అక్కర్లేదుగా, మరెందుకు?" అంది. నిజంగా ఏం చెప్పాలో తోచలేదు. ఊరికే, అన్నాను. ఆ అమ్మాయి అసైన్‌మెంట్ జవాబులన్నీ టెలిగ్రామ్‌లో దొరుకుతాయని, కావాలంటే గ్రూపులో కలుపుతానని చెప్పింది. మంచి పిల్ల. నాకు అసైన్‌మెంట్లలో 22, పరీక్షలో 49 వచ్చాయి. మొత్తం 71, అంటే సర్టిఫికెట్ మీద ఎలైట్ అనే గ్రేడు. సర్టిఫికెట్ ప్రింట్ తీయించి మిల్లు ఆఫీసులో నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను, లారీ డ్రైవర్లు చదువుతుంటారు.

ఉద్యోగంలో ప్రమోషన్ కోసమైతే ఇవి నాకేమీ తెచ్చిపెట్టలేదు, జీతం పెరిగింది మామూలుగా పెరిగినంతే. ఈసారి పబ్లిక్ ఫైనాన్స్ తీసుకున్నాను. ఫీజు నిన్ననే కట్టేశాను.