ప్రాణహిత ఒడ్డు నుంచి కాన్హా దాకా: ఐదుగురం, ఆరు రాత్రులు

మేం ఐదుగురం మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఒకే బెంచీ మీద చదువుకున్నోళ్లం. ఇంటికి ఒక పక్క ప్రాణహిత, ఇంకో పక్క అడవి. అయినా నలభై ఐదేళ్లు వచ్చేదాకా మాలో ఒక్కరు కూడా పెద్దపులిని కళ్లారా చూడలేదు. అవతలి ఒడ్డున ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు పులి తిరుగుతోందని వార్త వచ్చినప్పుడల్లా, అది తాడోబా దిక్కు నుంచి మా జిల్లా మీదుగానే నడిచిపోయి ఉంటుందని చెప్పుకునేవాళ్లం. ఈసారి అది వచ్చిన దారినే మేం ఎదురు వెళ్దామని అనుకున్నాం. ఉగాది పచ్చడి తిన్న మరునాడు తెల్లారకముందే బొలెరో తీశాం. ఆలపల్లి, ఆపైన పులుల అడవులు తాడోబా, నాగ్‌జిరా, కాన్హా. రానుపోను 1,100 కిలోమీటర్ల పైనే అయింది.

మొదటి వంద కిలోమీటర్ల సంగతి ముందే చెప్పాలి. సిరొంచ నుంచి ఆలపల్లి దాకా పేరుకు జాతీయ రహదారి 353సి. కొత్తగా వేసిన ముక్కల మీద బండి బాగానే పోతుంది, పని సాగుతున్న చోట దుమ్ము తప్ప ఏమీ కనబడదు. చిన్న కార్లలో వచ్చేవాళ్లు ఈ ముక్కకు మూడు గంటలు పెట్టుకోండి, రాత్రిపూట అసలు వద్దు. దారి నుంచి లోపలికి తిరిగితే కమలాపూర్ ఏనుగుల క్యాంపు వస్తుంది. మహారాష్ట్ర మొత్తానికి ఉన్న ఏనుగుల క్యాంపు ఇదొక్కటే. చెరువులో స్నానం చేసి గట్టెక్కిన ఏనుగు మా ముందు నుంచే నడిచిపోయింది. దాని చెవి అంచున గులాబీ రంగు మచ్చలు, వాటి మీద నీటిబొట్లు కనిపించేంత దగ్గర! పిల్లలతో వచ్చేవాళ్లు ఇక్కడ ఒక పూట ఉండాల్సిందే. మేం గంటే ఉన్నాం, అది చాలలేదు.

ఆలపల్లి దగ్గర ‘గ్లోరీ ఆఫ్ ఆలపల్లి’ అనే అడవి ముక్కను గొడ్డలి తగలకుండా కాపాడుతున్నారు. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి టేకును ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా చుట్టు అందలేదు. అయోధ్య గుడి తలుపులకు టేకు వెళ్లింది ఈ ఆలపల్లి, బల్లార్షా వైపు నుంచే. వాటిని చెక్కింది హైదరాబాద్ కార్ఖానా. ఆ చెట్ల కింద నిలబడి ఇది తలుచుకుంటే గర్వంగా అనిపించింది.

బల్లార్షాలో భోజనానికి ఆగాం. బొగ్గు గనులు, కాగితం మిల్లు పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది. హోటల్ ఆయన మా మాట వినగానే “ఎవ్వూరన్నా?” అని పలకరించి, అడగకుండానే పప్పుచారు తెచ్చి పోశాడు. చంద్రాపూర్‌లో కోట గోడ బయటి నుంచి చూసి, తాడోబా గేటు ఉన్న మోహర్లీ దారి పట్టాం.

ఈ యాత్రలో మాకు మనసు కష్టపెట్టిన బస మోహర్లీ దగ్గరిదే. గేటుకు దగ్గరని రెండు గదులకు ముందే డబ్బు కట్టాం. ఫోన్లో రాత్రంతా ఏసీ అన్నారు. రాత్రి పదకొండుకు కరెంటు పోతే జనరేటర్ మీద లైటు, ఫ్యాను మాత్రమే నడుస్తాయన్నారు. మార్చి చివర చంద్రాపూర్ జిల్లాలో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున అడిగితే ‘అది ప్యాకేజీలో లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కాబట్టి ఏసీ జనరేటర్ మీద నడుస్తుందా అని మెసేజ్‌లో రాయించుకునే డబ్బు పంపండి. రెండో రాత్రి ఊళ్లోనే ఒక ఇంట్లో ఉన్నాం. కూలర్, శుభ్రమైన బాత్రూం, పెరట్లో వేపచెట్టు. ఇంటావిడ పొయ్యి మీద జొన్న భాక్రీ కాల్చి, ఝుణకా (శనగపిండి కూర), పచ్చిమిర్చి ఠేచా పెట్టింది. మొదటి బసకు కట్టినదాంట్లో సగం కూడా కాలేదు.

తాడోబా 1955 నుంచి జాతీయ పార్కు, మహారాష్ట్రలో ఇదే మొదటిది. పక్కనున్న అంధారీ అభయారణ్యాన్ని కలిపి 1995లో పులుల అభయారణ్యం (టైగర్ రిజర్వ్) చేశారు. లోపలి అడవిని కోర్ అని, చుట్టూ ఊళ్లతో కలిసి ఉన్నదాన్ని బఫర్ అని అంటారు. కోర్‌కు మంగళవారం సెలవు, వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూత. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. పర్మిట్ మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మాకు టికెట్లు చేసిన ఏజెంటు ఒక దోస్తు ఇంటిపేరు వదిలేసి వేరే పేరు కొట్టాడు. గేటు దగ్గర ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. వాళ్ల తప్పు లేదు, నియమం అది. వాడు పొద్దుటి సఫారీ అంతా గేటు బయట టీకొట్టు దగ్గరే కూర్చున్నాడు. పులిని చూడాలని మా అందరికంటే ఎక్కువ ఆశపడ్డది వాడే. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. మీ టికెట్ మీరే చేసుకోండి, ఇంకొకరి చేతికి ఇవ్వకండి.

మాకు గైడ్‌గా వచ్చింది మోహర్లీ వైపు గోండు ఇంటి ఆడబిడ్డ. ముప్పై ఏళ్లుంటాయి, ఖాకీ చొక్కా, మెడలో సన్నని నల్లపూసలు. ఇక్కడ ఆడవాళ్లు కూడా గైడ్లుగా పని చేస్తున్నారు. తను మరాఠీలో చెట్టు పేరు చెబితే మేం తెలుగులో చెప్పేవాళ్లం. “ఐన్” అంటే మాకు నల్లమద్ది, “తేందూ” అంటే తునికి, “పళస్” మోదుగ, “మోహ్” ఇప్ప. తెల్లగా, నున్నగా నిలబడ్డ చెట్టును చూపించగానే మా వెనక సీటోడు “తపసి! మా తాత దీని జిగురు తీసి అమ్మేటోడు” అని అరిచినంత పని చేశాడు. ఆమె వేలు పెదవుల మీద పెట్టి నవ్వింది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. అందులో నీరు నిల్వ ఉంటుందని చెప్పి, ఒక చెట్టు మీద ఎలుగుబంటి గోళ్లు దిగిన గీతలు చూపించింది. కింద ఇప్పపూలు రాలి నేలంతా లేత పసుపుగా ఉంది. ఆ తీపి వాసన మా ఊరి వాసనే.

దారి పక్కన అక్కడక్కడ ఎత్తైన రాతి స్తంభాలు ఉన్నాయి. గోండు రాజుల కాలంలో తాడు కట్టి, గంటలు మోగించి కబురు పంపేవాళ్లని చెబుతారు. చెరువు గట్టున తారు గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన గోండు పెద్ద తారు. ఆయన పేరు మీదే ఈ అడవికి తాడోబా అని పేరు వచ్చిందంటారు. పుష్యమాసంలో గోండులు ఇక్కడికి జాతరకు వస్తారు. పులి చేతిలో పోయిన మనిషి ఆ పులుల అడవికే దేవుడయ్యాడని ఆమె చెప్పినప్పుడు, బండిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

పులిని చూశాం. నీటిగుంట పక్కన ఆడపులి, పొట్ట దాకా బురద. కానీ అప్పటికే పద్దెనిమిది జిప్సీలు చేరాయి, మాది పందొమ్మిదోది. ముందుకూ వెనక్కూ బండ్లు, కెమెరాలు, ‘కొంచెం వెనక్కి తీయ్’ అనే కేకలు. అది లేచి మా వైపు ఒకసారి చూసి వెదురులోకి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు గుర్తుంది, దాని చుట్టూ ఉన్న గోల కూడా గుర్తుంది. సాయంత్రం బఫర్‌లో పులి కనబడలేదు. ఒక మలుపులో మా గైడ్ బండి ఆపించింది. కొండముచ్చు దగ్గినట్టు అరిచింది, ఆ వెంటనే కణుజు (సాంబార్ జింక) ఒక్కసారి గట్టిగా అరిచింది. “కణుజు అబద్ధం చెప్పదు” అంది, అంటే పులి దగ్గర్లోనే ఉందన్నమాట. ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఏమీ రాలేదు. అయినా పొద్దున చూసిన పులి కంటే ఈ ఇరవై నిమిషాలే నాకు ఎక్కువ. తాడోబా పోయేవాళ్లు రెండు పూటలూ కోర్ తీసుకోకండి, ఒకటి బఫర్‌కు ఇవ్వండి.

నాగ్‌జిరా గోందియా, భండారా జిల్లాల్లో ఉంది. 2013లో నవేగావ్ జాతీయ పార్కుతో కలిపి దీన్నీ పులుల అభయారణ్యం చేశారు. సాకోలీ దగ్గర హైవేను అడవి జంతువులు కింది నుంచి దాటేలా పైకి లేపి కట్టారు. అది చూసి మనసు కుదుటపడింది. 2013లోనే ఈ నాగ్‌జిరా నుంచి జై అనే మగపులి ఊళ్లు, చేలు దాటుకుంటూ ఉమ్రేడ్-కర్హాండ్లా దాకా నడిచిపోయింది. 2016లో దాని జాడ లేకుండా పోయింది. అడవిని ముక్కలుగా కోస్తే పులి మనిషి మధ్య నుంచే నడవాలి కదా.

మా యాత్రలో నేను మొదటి స్థానం ఇచ్చేది నాగ్‌జిరాకే. చోర్‌ఖమారా గేటు దగ్గర చిన్న బస, దోమతెరతో మంచం, వేణ్నీళ్లు బకెట్లో. గేటు దగ్గర పొద్దున మాతో కలిపి నాలుగే బండ్లు. టేకాకులు రాలి అడవి బోసిగా ఉంది, ఎండుటాకుల మీద ఉడత నడిచినా వినబడుతుంది. చెరువు గట్టు మీద రేసుకుక్కల (అడవి కుక్కల) గుంపు, ఏడో ఎనిమిదో. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి తోక. ఒకటి నీళ్లలో నిలబడి తాగుతుంటే మిగతావి అటూ ఇటూ చూస్తున్నాయి. అరగంట మేం, అవి, నీళ్లు. ఇంకో బండి రాలేదు. గేటు బయట కూర్చోవాల్సి వచ్చిన మా దోస్తు ఇక్కడ ముందు సీట్లో కూర్చున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తోట్లో వదిలిన పిల్లాడిలా ఉన్నాడు.

నవేగావ్‌లో పూట మాత్రమే ఉన్నాం. అక్కడి పెద్ద చెరువు కోహ్లీ కులం పెద్ద కోలూ పటేల్ కట్టించిందని చెబుతారు. కాకతీయుల చెరువులు చూసి పెరిగిన మనకు ఆ కట్ట కొత్తగా అనిపించదు.

గోందియా, బాలాఘాట్ మీదుగా మధ్యప్రదేశ్‌లోని కాన్హా ముక్కీ గేటుకు వెళ్లాం. బాలాఘాట్‌లో చిన్నోర్ బియ్యం దొరికితే కొనుక్కోండి, సన్నగా, వాసనగా ఉంటాయి. బైహర్ దాటాక ఒక చోట బండి ఆపమన్నాను. మా ఊరి నుంచి వెంట వస్తున్న టేకు అయిపోయి సాల్ అడవి మొదలైంది. మన పుస్తకాల్లో గుగ్గిలం అని రాసే చెట్టు ఇదే. మా అడవంతా మోడువారి ఉంటే ఇది లేత చిగుళ్లతో ఉంది. పొద్దున అయిదున్నరకు జిప్సీలో దుప్పటి కప్పుకోవాల్సి వచ్చింది. నిన్నమొన్నటి ఎండ తర్వాత అది వరంలా ఉంది.

సౌంఫ్ మైదానంలో బారాసింగా జింకలు మెడ లోతు గడ్డిలో నిలబడి ఉన్నాయి. 1970లో ఇవి కాన్హాలో 66 మాత్రమే మిగిలాయి. కంచె వేసి పెంచి, గడ్డిని కాపాడి మళ్లీ నిలబెట్టారు, ఇప్పుడు ఎన్నో రెట్లు పెరిగాయి. ఈ మైదానాలు ఒకప్పుడు ఊళ్లు. మా గైడ్, వయసు మళ్లిన బైగా తెగ మనిషి, దూరంగా మామిడిచెట్టు చూపించి “అడవిలో మామిడి వరుసగా ఉంటే అక్కడ ఇళ్లుండేవి” అన్నాడు. ఎవరో ఇల్లు వదిలితే ఈ గడ్డి పెరిగింది. కొమ్ములెత్తి చూస్తున్న ఆ జంతువులనూ, ఆ మామిడిచెట్టునూ ఒకే చూపులో చూశాను.

కాన్హాలో సేవలు అన్నింటికంటే పద్ధతిగా ఉన్నాయి. బండి సమయానికి వచ్చింది, బస వాళ్లు కట్టిచ్చిన పూరీలు వేడిగా ఉన్నాయి, గైడ్ తొందరపెట్టలేదు. అయితే అన్నీ ఖరీదే. అయిదు సఫారీలు, ఆరు రాత్రులు, డీజిల్, తిండి కలిపి మనిషికి 20 వేలకు కొంచెం తక్కువైంది. మోహర్లీ మొదటి బస, ఏజెంటు కమీషన్ లేకపోతే ఇంకా తగ్గేది.

తిరుగు దారిలో ఆలపల్లి దాటాక చీకటి పడింది. రాత్రిపూట వద్దని పైన నేనే రాశాను, కానీ ఇంటికి చేరాలన్న తొందరలో ఆగలేదు. లైట్ల వెలుగులో రోడ్డు మీద దుమ్ములో ఏదో అచ్చు కనబడి బండి ఆపాం. టార్చి వేసి అందరం వంగి చూశాం. నాలుగు వేళ్లు, మెత్తటి మడమ, గోళ్ల గుర్తు లేదు. చిరుతదో, పెద్దదో చెప్పేంత జ్ఞానం మాకు లేదు. ముందు సీటోడు దాని పక్కన అరచెయ్యి పెట్టి కొలిచి, చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నాడు. బండి ఇంజను ఆపేశాం.